శుశ్రూషయే నాదసేవ



వేదమునకు శ్రుతి అని పేరు. సంగీతమునందు ఆధారస్వరమునకును శ్రుతి అనియే పేరు. రెండును చెవి చేతనే గ్రహింపబడును. వినవలెనను కోరికను సంస్కృతమున శుశ్రూష అందురు. గురుసేవకును ఆ మాటయే. విననివాడు సేవింపలేడని పెద్దల భావము. తంత్రీవాద్యము వాయించువాని జీవితమంతయు ఈ ఒక్క మాటకు వ్యాఖ్యానము.

మన పామిడిముక్కలకు సమీపముననే, కృష్ణాతీరమున, ఆంధ్రమహావిష్ణువు వెలసిన శ్రీకాకుళ గ్రామమున్నది. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి జన్మస్థలమదియే. వారి గురువులు సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రిగారు. ఆ శాస్త్రిగారి గురువులైన మానాంబుచావడి వేంకటసుబ్బయ్యగారు త్యాగరాజస్వామికి సాక్షాత్ శిష్యులు. కావేరీతీరపు నాదము మన కృష్ణాతీరమునకు ఇట్లు చేరినది.

పంతులుగారి శిష్యులలో వాయులీన విద్వాంసులు అన్నవరపు రామస్వామిగారొకరు. 1926లో పశ్చిమగోదావరి జిల్లా సోమవరప్పాడులో జన్మించి, విజయవాడ ఆకాశవాణిలో దీర్ఘకాలము పనిచేసి, 2021లో పద్మశ్రీ పురస్కారమును పొందినారు.

వాయులీనము పరదేశపు వాద్యము కదా, దేవుని సన్నిధికి తగునా అని కొందరడుగుదురు. ముత్తుస్వామి దీక్షితులవారి సోదరులైన బాలుస్వామి దీక్షితులవారు దీనిని మన సంగీతమునకు అలవరచినారు. మనవారు నేలపై కూర్చుండి, వాద్యపు తలను పాదముపై ఆనించి, నాలుగు తీగలను షడ్జపంచమములకు శ్రుతిచేసి, దానిచేత గాత్రమును పలికించినారు. వీణకు 24 మెట్లున్నవి. అవి వేలికి చోటు చూపును. వాయులీనమునకు మెట్లు లేవు. వెంట్రుకవాసి తప్పినను స్వరము చెడును. చెవియే దానికి మెట్టు. గాయకుడు పాడుచుండగా నీడవలె అనుసరించి, తన వంతు వచ్చినప్పుడే అది తన మాట చెప్పును. పరదేశపు కొయ్య శుశ్రూష చేతనే మనదైనది.

ఇంతగా గురువును అనుసరించినచో శిష్యునికి తనదేమి మిగులునని యువకులకు సందేహము కలుగును. వేదపాఠశాలలో గురువు ఒకమారు పలుకగా శిష్యుడు రెండుమార్లు పలికి సంత చెప్పుకొనును. అచట ఒక్క స్వరమునైనను మార్చుటకు అధికారము లేదు. సంగీతమున ఆ నిర్బంధము లేదు. అయినను ఆరంభము అదియే. పంతులుగారి వద్దనే విద్య నేర్చిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు గాత్రముతోపాటు వయోలాను వాయించినారు, నూతన రాగములను కల్పించినారు. రామస్వామిగారు వందన, శ్రీదుర్గ అను రాగములను, వేదాది, త్రినేత్రాది అను తాళములను కల్పించినారు. గురువు ఒక్కరే, ఇద్దరి మార్గములు వేరు. ఒకే కాలువనీరు త్రాగి చెరకు తీపిని, పసుపు రంగును సంతరించుకొనును కదా! గురువునుండి పొందినది మనలను చిన్నచేయదు. అది మనము పండుటకు నీరు.

వీణావాదనమును, శ్రుతిని, తాళమును చక్కగా ఎరిగినవానికి మోక్షమార్గము అప్రయత్నముగా లభించునని యాజ్ఞవల్క్యస్మృతి ఆశయము. అప్రయత్నమనగా సాధన వలదని కాదు. ప్రేమతో చేసిన సాధన ప్రయాసగా తోచదని గ్రహింపవలెను. వేళ్లు కాయలు కాచినను చేయి మరల తీగను వెదకును. అదియే నాదభక్తి.

పిల్లలను సంగీతమునకు పంపు తల్లిదండ్రులకు ఒక్క మనవి. పరీక్షలకును, పోటీలకును ముందుగా వారికి వినుట నేర్పుడు. ఆలయమున కీర్తన వినబడునప్పుడు మీరును మాటలాపి, బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. వాయించు చేతిలోని ప్రేమ వినిన చెవి నుండియే వచ్చును.

శ్రీకాకుళాంధ్రదేవుని కృపచేత మన గ్రామములందు నాదము నిలుచుగాక! స్వస్తి.