చుట్టంగా వచ్చిన యుద్ధనౌక
(మెదక్ పట్టణంలో మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మంజీర నీళ్ళు తాగి, ఫైళ్ళ మధ్య సర్వీసు ముగించిన గుమాస్తాకు సముద్రంతో పనేమిటని మీకు సందేహం రావచ్చు. 2016 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష జరిగింది. అక్కడుంటున్న మా అమ్మాయి పిలిస్తే వెళ్ళాను. సుమారు 50 దేశాల నౌకాదళాలు పాల్గొన్నాయి. అమెరికా ఓడలూ వచ్చాయి, చైనా ఓడలూ వచ్చాయి. బీచిలో మా మనుమరాలు నా వేలు పట్టుకుని, "తాతా, ఆ తోపులు మనమీద పేలుస్తారా?" అని అడిగింది. "లేదమ్మా, వాళ్ళు మన చుట్టాలు" అన్నాను. అన్నానే గాని, ఆ జవాబు నాకే తృప్తినివ్వలేదు. ఊరికి వచ్చాక కొన్ని పుస్తకాలు తిరగేశాను.

యుద్ధనౌకల స్నేహయాత్రలు పాత ఆచారమే. అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ 1907 డిసెంబరులో తెల్లరంగు వేసిన 16 యుద్ధనౌకలను ప్రపంచయాత్రకు పంపాడు. అవి 1908 డిసెంబరులో మన పక్కనున్న కొలంబోకు కూడా వచ్చాయి. ఇలా పరాయి రేవుకు వెళ్ళిన ఓడ 21 తోపులు పేల్చి వందనం చేస్తుంది. ఒడ్డునుంచి జవాబుగా తోపులు పేలుతాయి. గుండ్లుండవు, మందు మాత్రమే. ఆ తర్వాత పరామర్శలు, విందులు.

జర్మనీవారి ఎండెన్ అనే నౌక కూడా అలాంటి చుట్టమే. దానికి 10 పెద్ద తోపులు. 1910 ఏప్రిల్‌లో కీల్ రేవునుంచి బయలుదేరి, దక్షిణ అమెరికాలో స్నేహయాత్ర చేసింది. అర్జెంటీనా శతవార్షికోత్సవాలకు మే నెలలో బ్యూనస్ ఎయిరిస్‌లో ఉంది. జూలైలో ఫ్రెంచివారి తాహితీ దీవిలోని పపీతే రేవుకు వెళ్ళింది.

నాలుగేళ్ళు గడిచాయి. యుద్ధం వచ్చింది. 1914 సెప్టెంబరు 22 రాత్రి అదే ఎండెన్ మద్రాసు ముందుకొచ్చి నిలిచింది. మద్రాసు అప్పట్లో కోస్తా, రాయలసీమ తెలుగువారికి కూడా రాజధాని. అవే 10 తోపులు, ఈసారి గుండ్లున్నాయి. సుమారు 130 గుండ్లు పేల్చింది. బర్మా ఆయిల్ కంపెనీ నూనె ట్యాంకులు తగలబడ్డాయి. కొందరు చనిపోయారు. వేలాదిమంది మూటాముల్లె సర్దుకుని ఊరు విడిచారు. సరిగ్గా అదే తేదీన, ఎండెన్ ఒకప్పుడు చుట్టంగా వెళ్ళిన పపీతే మీద అదే దళంలోని రెండు పెద్ద నౌకలు గుండ్లు కురిపించాయి.

ఎండెన్ కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్ క్రూరుడా అంటే కాదు. పట్టుకున్న ఓడల్లోని మనుషులను మర్యాదగా చూశాడని శత్రువులే మెచ్చుకున్నారు. మరి మారిందేమిటి? ఉత్తర్వు!

మనకిది తెలియని సంగతి కాదు. ఒక ఏడు కరువు సాయం పంచడానికి వెళ్ళిన ఊరికే, మరుసటేడు బకాయి నోటీసులు పట్టుకుని వెళ్ళాను. మనిషిని నేనే, చేతిసంచీ అదే. నిరుడు మంచం వాల్చి చల్ల ఇచ్చిన ముసలమ్మ, ఆ ఏడు నన్ను చూసి తలుపేసుకుంది. ఆ తలుపు చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

1914 నవంబరు 9న కోకోస్ దీవులవద్ద ఆస్ట్రేలియా నౌక సిడ్నీ చేతిలో ఎండెన్ కథ ముగిసింది. విశాఖలో వందనాలు, దీపాలు చూసి నేను సంతోషించాను; అవి ఉండాలి. కాని చుట్టరికం ఓడలో ఉండదు. దాన్ని నడిపించే కాగితంమీద ఉంటుంది. ఆ కాగితం రాసేవారిని ఎన్నుకునేది మనమే.

మా మనుమరాలికి ఈమధ్యనే జవాబు సవరించి చెప్పాను: "చుట్టాలేనమ్మా, చుట్టరికం నిలుపుకున్నంత కాలం."