ఇరవై నాలుగు చేతులు, ఒకే ఉదయం

ఖరగ్‌పూర్ స్టేషన్ పేరు మీరు వినే ఉంటారు. అక్కడి ప్లాట్‌ఫారం పొడవు 1,072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ దాటేసేవరకూ ప్రపంచంలో అదే పొడవైనదిగా పేరు పొందింది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ ఆ ఊళ్లో మన తెలుగు కుటుంబాలున్నాయి. ఆ స్టేషన్‌లోని చలికాలపు ఉదయాన్ని ఒక తరగతిలోని 24 మంది కలిసి ఒకే బొమ్మగా వేయాలంటే ఎలా? ఈ పాఠంలో అదే చూద్దాం.

ముందు ఫ్రాన్స్ వెళ్దాం. 1872లో క్లాడ్ మోనే లె హావ్ర్ ఓడరేవులో సూర్యోదయాన్ని చిత్రించాడు. 1874లో దాన్ని ప్రదర్శించినప్పుడు, పేరులోని 'ఇంప్రెషన్' అనే మాటను పట్టుకుని లూయీ లెరోయ్ అనే విమర్శకుడు ఎగతాళి చేశాడు. ఆ ఎగతాళే ఇంప్రెషనిజానికి పేరైంది! 1877లో మోనే పారిస్‌లోని సెయింట్ లజార్ స్టేషన్‌ను పన్నెండు చిత్రాలుగా వేశాడు. ఆయన కళ్లకు ఇంజన్ పొగ కూడా అందమే. అందుచేత బొమ్మకు కొండలూ కొలనులే కావాలనుకోకండి. ఖరగ్‌పూర్ విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ షెడ్ల మీద పడే ఎండైనా సరిపోతుంది.

ఈ పద్ధతిలో రంగులను నున్నగా కలిపేయరు. గీత పక్కన గీతగా విడివిడిగా ఉంచుతారు. దూరం నుంచి చూసే కన్నే వాటిని కలుపుకుంటుంది. నారింజ పక్కన నీలం పెట్టి చూడండి, రెండూ మరింత మెరుస్తాయి. రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రల్ ఈ సంగతిని 1839లోనే వివరించాడు. మోనే ఒంటరిగానే వేశాడు. కానీ గీతలు విడివిడిగా ఉండే బొమ్మలో చాలా చేతులకు చోటుంటుంది.

24 డ్రాయింగ్ షీట్లను వరుసకు ఆరు చొప్పున నాలుగు వరుసలుగా నేలమీద పరచండి. పట్టాలు, పైకప్పు పెన్సిల్‌తో ఒక షీటు నుంచి పక్క షీటులోకి సాగాలి. తర్వాత విడదీసి తలా ఒకటి పంచుకోండి. అసలు చిక్కు వెలుగుతోనే. ఒకరు ఉదయం ఏడు గంటలు, మరొకరు మిట్టమధ్యాహ్నం వేస్తే బొమ్మ అతకదు. గంట ఏదో, ఎండ ఎటునుంచో ముందే తేల్చుకోండి. నీడలకు నలుపు వద్దు, నీలం, ఊదా వాడండి.

మోనే బొమ్మనే గళ్లు గీసి ఎక్కించడం తేలికే, కానీ అది నకలు. అందులో మీరు చూసిందేముంది?

అన్నీ గోడకు అతికించి, వరండా చివరికి వెళ్లి చూడండి. ఒక షీటు ఎబ్బెట్టుగా కనిపించవచ్చు. దాన్ని మాస్టారు దిద్దకూడదు, బాగా వేసే స్నేహితుడూ దిద్దకూడదు. ఆ షీటు వేసిన పిల్లనే వరండా చివరికి పిలిచి చూపించండి. కుంచె మళ్లీ ఆమెకే ఇవ్వండి.