అడిగినంతే చూపిద్దాం



హాస్టల్ సీటుకు పోతే కౌంటర్లో ముందు అడిగేది ఆధార్ జిరాక్స్. వాళ్లకు తెలియాల్సింది నువ్వు ఎస్టీవా కాదా అని. ఆ మాట ఆధార్ మీద ఉండనే ఉండదు! ఉండేది నీ ఫొటో, పుట్టిన తేదీ, చిరునామా, 12 అంకెల నెంబరు. అవన్నీ వాళ్ల బీరువాలో పడతాయి. రేషన్, బ్యాంకు, ఆసుపత్రి అన్నిచోట్లా అదే నెంబరు. ఎవరైనా కలిపి చూస్తే మన బతుకంతా ఒక్క వరుసలో కనిపిస్తుంది.

వేరే దారి ఉంది. ప్రభుత్వం డిజిటల్ సంతకం చేసిన సర్టిఫికెట్ నీ ఫోన్లోనే ఉంటుంది. హాస్టల్‌కు నీ పేరు, "ఎస్టీ: అవును" మాత్రమే పోతాయి. వయసే కావాల్సిన చోట "18 నిండాయి" అన్న రుజువే పోతుంది, పేరు కూడా పోదు. ప్రతిసారీ కొత్త రుజువు కాబట్టి, పేరు ఇవ్వని రెండు చోట్లకు వచ్చింది ఒకే మనిషని ఆ రుజువును బట్టి పోల్చుకోలేరు. ఇది కల కాదు. 1980ల నుంచే ఈ గణితం మీద పని జరుగుతోంది.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా చెప్పారు. కాబట్టి ఇది దయ కాదు, హక్కు.

ఈరోజే చేయగలిగిందీ ఉంది. మొదటి 8 అంకెలు కనపడని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. జిరాక్స్ మీద ఎందుకిస్తున్నారో, తేదీతో రాయండి. "ఇది ఎందుకు సార్?" అని అడగండి.

ఒక్కటి మరవొద్దు. ఫోన్ లేని అవ్వకు, సిగ్నల్ లేని గూడేనికి కాయితమే చాలాలి. గోప్యత పేరు చెప్పి ఎవరి బియ్యమూ ఆగకూడదు.