తెర మీది రంగు, మన ఇంటి అప్పు

పొదుపు లెక్కలు, రికవరీ లెక్కలు ఇప్పటిదాకా విన్నారు. మేము ఇంకో లెక్క చెప్పడానికి నిలబడ్డాం. ఆడపిల్ల ఒంటి రంగుకు మన ఊళ్లలో కడుతున్న వెల లెక్క అది.

"కార్తీకదీపం" సీరియల్ తెలియనివాళ్లు ఇక్కడ దాదాపు ఉండరు. 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరి దాకా స్టార్ మాలో వచ్చింది. మలయాళంలో వచ్చిన "కరుత్తముత్తు" దీనికి మూలం. ఆ మాటకు నల్లముత్యం అని అర్థం. వంటలక్క కోసం కంటతడి పెట్టినవాళ్లం, మోనితను తిట్టుకున్నవాళ్లం మనలో ఎంతమందిమో!

ఆ కథ మనకెందుకు అంతగా తగిలింది? దీప నల్లగా ఉంటుంది. అత్త సౌందర్యకు నలుపంటేనే గిట్టదు. డబ్బు, హోదా, ఇంట్లో మాట చెల్లించుకునే అధికారం అన్నీ ఆమెవే. డాక్టరు కొడుకు ప్రేమించి పెళ్లి చేసుకున్నాడు గానీ, ఒక దొంగ రిపోర్టు నమ్మి కడుపుతో ఉన్న భార్యను అనుమానించాడు. దీప బయటికొచ్చి, వంటలు చేసి బిడ్డను సాకింది. అలాంటి ఆడదాన్ని కథానాయికగా పెట్టి అన్నేళ్లు నడిపినందుకు మెచ్చుకోవాల్సిందే.

అయినా రెండు సంగతులు చూడాలి. దీపగా వేసిన ప్రేమి విశ్వనాథ్ అంత నలుపు కాదు, మేకప్ వేసి నల్లగా చూపించారు. అంటే నల్లపిల్ల కథలో కూడా నల్లపిల్లకు వేషం దొరకలేదు. ఇక రెండోది, అనుమానించిన మొగుడి కంటే అనుమానం పడ్డ ఆడదే ఏళ్ల తరబడి రుజువులు వెతుక్కోవాల్సి వచ్చింది. మిగతా సీరియళ్లూ చూస్తున్నాం కదా. పెద్ద బంగళా, ఒంటినిండా నగలు, నిద్ర లేచినా చెదరని జుట్టు. అందం, ఆస్తి ఉన్నవాళ్లు ఆజ్ఞలిస్తారు, లేనివాళ్లు ఓర్చుకుంటారు.

ఇది తెర మీదే ఆగిపోతే మేము ఇక్కడ మాట్లాడే పని లేదు. సీరియల్ మధ్యలో క్రీముల ప్రకటనలు వస్తాయి. ఫెయిర్ అండ్ లవ్లీ మన దేశంలో 1975 నుంచి ఉంది. 2020లో "ఫెయిర్" తీసేసి "గ్లో" అని పెట్టారు. పేరు మారింది గానీ తెల్లబడాలన్న ఆశ మారలేదు. అంతకంటే ప్రమాదం, మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ క్రీములు. డాక్టరు చీటీ లేకుండా వీటిని అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన పెట్టింది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, మొటిమలు, ముఖం మీద వెంట్రుకలు వస్తాయి, ఎండ తగిలితే మంట పుడుతుంది. కొన్ని తెల్లబడే క్రీముల్లో పాదరసం ఉంటుంది. కేరళలోని మలప్పురంలో అలాంటివి వాడినవాళ్లకు కిడ్నీ జబ్బు వచ్చినట్టు 2023లో డాక్టర్లు బయటపెట్టారు.

ఆ తర్వాత పెళ్లిచూపులు. "పిల్ల కొంచెం చామనఛాయ, ఇంకో లక్ష చూసుకోండి" అంటారు. ఆ లక్ష ఎక్కడి నుంచి వస్తుంది? సంఘం అప్పులోంచి. కాగితం మీద "ఇంటి ఖర్చు" అని ఉంటుంది. వాయిదా కట్టేది మాత్రం కూలికి పోయే తల్లి. 1961 నుంచే కట్నం ఇచ్చినా, తీసుకున్నా నేరం. అది అలా ఉంచినా, గేదె కొంటే పాలొస్తాయి, కుట్టుమిషను కొంటే కూలి వస్తుంది. రంగుకు కట్టిన డబ్బులో ఒక్క రూపాయి తిరిగి రాదు.

అందుకని మూడు తీర్మానాలు కోరుతున్నాం. కట్నం కోసమని తెలిసిన అప్పుకు ఏ సంఘమూ సంతకం పెట్టకూడదు. అదే డబ్బు ఆ పిల్ల చదువుకో, పనికో అడిగితే ముందు వరసలో ఇవ్వాలి. చీటీ లేకుండా తెచ్చుకున్న క్రీము ఎవరింట్లో ఉన్నా ఆశ అక్కకో, ఏఎన్ఎంకో చూపించాలి.

సీరియల్ చూడొద్దని మేము అనడం లేదు. పనంతా చేసి కూర్చున్నాక ఆ అరగంట మనదే. చూసేటప్పుడు పక్కన కూతురు కూడా కూర్చుని ఉంటుంది. నలుపును ఎగతాళి చేసే మాట వస్తే, అది తప్పని అప్పటికప్పుడే ఆ పిల్ల వినేలా అనండి. మన హాజరు పుస్తకంలో పేరుంది, పొదుపుంది, వాయిదా ఉంది. రంగుకు గడి లేదు. ఇన్నేళ్లుగా అలాగే లక్షల రూపాయల లెక్క నడుపుకుంటున్నాం. ఇళ్లలోనూ అలాగే నడుపుకుందాం.

ఈ తీర్మానాలు పుస్తకంలో రాసి అందరూ సంతకాలు చేయాలని కోరుతూ, సెలవు.