తీగ లోపమా? గాలి లోపమా?

ఇంటర్నెట్టు మందగించినదను మాట ఇప్పుడు ప్రతి ఇంటిలోను వినవచ్చుచున్నది. కరెంటు తగ్గినచో ఆ సంగతి బల్బే చెప్పును. ఇంటర్నెట్టు తగ్గినప్పుడు లోపమెక్కడ నున్నదో చెప్పు బల్బు లేదు. రౌటరు మీద పచ్చదీపములన్నియు వెలుగుచునే యుండును. ప్రక్కగదిలో పిల్లవాని ఆన్‌లైను పాఠము మాత్రము ముక్కలు ముక్కలుగా వచ్చుచుండును. అప్పుడు మనము సాధారణముగా చేయునవి రెండు పనులు. కంపెనీవారికి ఫోను చేసి కోపపడుట ఒకటి. ఎక్కువ వేగముగల ప్లానుకు మారి నెలనెల ఎక్కువ సొమ్ము కట్టుట రెండవది. ఈ రెండింటికిని ముందు చేయవలసిన పని వేరొకటి కలదు. దానికి ఖర్చు లేదు. పది నిమిషములు చాలును.

రేడియో కేంద్రములో ప్రసారము నడుమ ధ్వని చెడినచో మా ఇంజనీర్లు ముందుగా దారిని రెండుగా చీల్చి చూతురు. మైక్రోఫోను మొదలు కంట్రోలు గది వరకు ఒక భాగము. అచ్చట నుండి ట్రాన్స్‌మిటరు వరకు మరియొక భాగము. నడుమ హెడ్‌ఫోను పెట్టి విన్నచో దోషము ముందున్నదో వెనుకనున్నదో తేలిపోవును. మన ఇంటి ఇంటర్నెట్టు దారికి నడుమనున్నది రౌటరు. కంపెనీవారి ఫైబరు తీగ దానివరకు వచ్చి ఆగును. అచ్చట నుండి మన ఫోనుకు, టెలివిజనుకు, కంప్యూటరుకు పోవునది గాలి. అనగా రేడియో తరంగము. వైఫై అనునది చిన్న రేడియో కేంద్రమే. తీగ కంపెనీవారిది, గాలి మనది.

ఇక పరీక్ష. ఒక ల్యాప్‌టాపును లాన్ కేబులుతో నేరుగా రౌటరుకు తగిలించి, దాని వైఫైని ఆపి, ఇంటిలోని మిగిలిన పరికరములను కొంతసేపు ఆపి, స్పీడ్ టెస్టు చేయవలెను. ఉదయము ఒకసారి, రాత్రి తొమ్మిది గంటలకు మరియొకసారి చేసి అంకెలు కాగితముపై వ్రాసికొనవలెను. తరువాత కేబులు తీసి, రోజూ కూర్చుండు చోటనే కూర్చుండి వైఫై మీద అదే పరీక్ష చేయవలెను. తీగపై వేగము సరిగా నుండి గాలిలో తగ్గినచో ప్లాను మార్చుట వలన లాభము లేదు.

ఇచ్చట రెండు చిన్న సంగతులు. కంపెనీవారు చెప్పు వేగము మెగాబిట్లలో నుండును. ఫైలు దిగుమతి యగునప్పుడు కంప్యూటరు చూపునది తరచు మెగాబైట్లలో నుండును. ఎనిమిది బిట్లు ఒక బైటు. 100 మెగాబిట్ల ప్లానులో సెకనుకు 12 మెగాబైట్లు వచ్చుచున్నచో మోసమేమియు జరుగలేదు. రెండవది, 200 మెగాబిట్ల ప్లాను తీసికొన్నప్పటికి తీగపై పరీక్ష ఎప్పుడు చేసినను 94, 95 దగ్గర గోడకు తగిలినట్లు ఆగుచున్నచో లోపము లైనుది కాకపోవచ్చును. రౌటరు గాని ల్యాప్‌టాపు గాని 100 మెగాబిట్లకు మించని పాత ద్వారము గలదై యుండును. లేనిచో కేబులులోని నాలుగు జతల తీగలలో ఒకటి తెగి యుండును. క్రొత్త కేబులు వేసి చూచిన తేలును.

విజయవాడలో మేమెరిగిన ఒక కుటుంబము వారి సంగతి చెప్పెదము. ఆ ఇంటి కోడలు అమెరికా కంపెనీ యొకదానికి రాత్రివేళ ఇంటినుండియే ఉద్యోగము చేయుచున్నది. మాటల నడుమ లైను తెగుచున్నదని పై అధికారి రెండుమార్లు హెచ్చరించెను. మూడవమారు ఏమగునో అను భయముతో ఇంటివారు 50 మెగాబిట్ల ప్లానును 100కు, పిదప 200కు పెంచిరి. ఫలితము సున్న. మామగారు విశ్రాంత ఉపాధ్యాయులు. పింఛను సొమ్ములో పోవు ప్రతి రూపాయకు లెక్క వ్రాయువారు. ఆయనయే కాగితము తీసికొని పైన చెప్పిన పరీక్ష చేసిరి. తీగపై 190 వచ్చినది. కోడలు కూర్చుండు గదిలో తొమ్మిది. రౌటరు హాలులో టెలివిజను వెనుక, ఇనుప బీరువా ప్రక్కన నేలమీద నున్నది. బీరువాకు నిలువుటద్దము కూడ కలదు. అద్దము వెనుక పూత లోహము కనుక రేడియో తరంగమునకు అదియు ఇనుము వంటిదే. రౌటరును ఎనిమిది అడుగులు జరిపి, ద్వారబంధమునకు ఎదురుగా తలయెత్తున మేకుకు తగిలించిరి. అదే గదిలో అదే ల్యాప్‌టాపుకు 110 వచ్చినది. మరుసటి నెలలో మామగారు ప్లానును తిరిగి 100కు దించిరి.

ఇటుక గోడ తరంగమును కొంత మ్రింగును. చువ్వలు వేసి పోసిన కాంక్రీటు అంతకంటె ఎక్కువ మ్రింగును. నీరు కూడ మ్రింగునదే. నీళ్ళ డ్రమ్ము ప్రక్కన రౌటరు పెట్టరాదు. చెక్కపెట్టెలో పెట్టి తలుపు వేయుట మరియొక దురలవాటు. తరంగము మాట అటుంచి, మన వేసవులలో లోపలి వేడికి యంత్రము తడబడును.

రేడియో వినువారికి ఇక చెప్పబోవునది సులభముగా తెలియును. మీడియం వేవ్‌లో కేంద్రములకు తొమ్మిదేసి కిలోహెర్ట్జ్ ఎడముతో స్థానములు కలవు. రాత్రివేళ దూరపు కేంద్రములు వచ్చి మన కేంద్రముపై పడి గొణుగుట మీరు వినియే యుందురు. వైఫైకి మొదట నుండి యున్న పట్టీ 2.4 గిగాహెర్ట్జ్. అందులో ఛానెళ్ళు ఐదేసి మెగాహెర్ట్జ్ ఎడముతో వరుసగా నుండును. కాని ఒక్కొక్క రౌటరు ప్రసారము సుమారు 20 మెగాహెర్ట్జ్ వెడల్పు ఆక్రమించును. కనుక ఒకదానిపై నొకటి పడకుండ వాడదగినవి 1, 6, 11 అను మూడే. అపార్టుమెంటులో ముప్పది కాపురములున్నచో ముప్పది రౌటర్లును ఈ మూడు చోట్లనే సర్దుకొనవలెను.

రౌటర్లు మర్యాదగలవి. మాట్లాడుటకు ముందు చెవియొగ్గి, ఒకే ఛానెలులో మరియొకటి మాట్లాడుచున్నచో తమ వంతు వచ్చువరకు ఆగును. ఛానెలు ఖాళీగా నున్నదికదా యని 3 గాని 4 గాని ఎన్నుకొన్నచో ఈ మర్యాద చెడును. ఇరుగుపొరుగువారి మాట దానికి వట్టి రొదగా వినబడును, దాని మాట వారికిని అంతే. కాబట్టి జనమున్నప్పటికి 1, 6, 11లలో తక్కువ రద్దీ గలదానిని ఎన్నుకొనుటయే మేలు. వెడల్పును 20కి మించి పెట్టరాదు. వంటింటి మైక్రోవేవ్ ఓవెను పనిచేయునది కూడ 2,450 మెగాహెర్ట్జ్ వద్దనే. పాలు వెచ్చబడు రెండు నిమిషములు వీడియో ఆగుటకు కారణమదియే కావచ్చును.

ఈ ఇరుకునకు విరుగుడు 5 గిగాహెర్ట్జ్ పట్టీ. మన దేశములో 2.4 పట్టీని లైసెన్సు లేకుండ వాడుకొనుటకు 2005లోను, 5 పట్టీలో విశాలమైన భాగమునకు 2018లోను ప్రభుత్వము అనుమతి యిచ్చినది. దీనిలో చోటెక్కువ, వేగమెక్కువ. గోడలను దాటు శక్తి మాత్రము తక్కువ. రౌటరున్న గదిలోను ప్రక్కగదిలోను దీనిని వాడి, దూరపు గదికి 2.4 వాడుట మంచిది. మరియొక మాట. పాత డబ్ల్యూఈపీ గాని టీకేఐపీ గాని రక్షణగా పెట్టియున్నచో క్రొత్త పరికరములు కూడ 54 మెగాబిట్లకు మించి మాట్లాడవు. డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ గాని అంతకంటె క్రొత్తది గాని పెట్టవలెను.

రౌటరును ఆపి మరల వేయుమని అందరును చెప్పుదురు. తప్పు లేదు, కాని ప్రతిదినము ఆపివేయవలసి వచ్చుచున్నచో అది చికిత్స కాదు. వేడిని, అడాప్టరును చూడవలెను. దూరపు గదికని కొను చౌకరకము రిపీటరుపై మాకు నమ్మకము తక్కువ. ఒకే పట్టీలో విని మరల అదే పట్టీలో చెప్పునది కనుక వేగము సగమగును. వీలైనచో గదికి కేబులు లాగించుటయే మేలు.

పరీక్షలో అంకెలు బాగుగా నుండియు మాట తెగుట మరియొక విధమైన జబ్బు. ఇది వేగలోపము కాదు, వరుసలో నిలిచిపోవుట. ఇంటిలో ఎవరిదో ఫోను పెండ్లి ఫోటోలను, వీడియోలను పైకి పంపుచుండును. పైకి పోవు దారి ఇరుకైనచో రౌటరు ఆ మూటలన్నిటిని తన జ్ఞాపకములో పేర్చుకొనును. వాని వెనుక మీ మాట నిలువవలసి వచ్చును. టికెట్ల కిటికీ యొద్ద పెండ్లివారు వందమంది ముందు నిలిచినప్పుడు ఒక్క టికెట్టు కావలసినవాని గతి యేమి? ఈ జబ్బుకు బఫర్‌బ్లోట్ అని పేరు. 2012లో కాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ అనువారు వరుసను పొట్టిగా నుంచు పద్ధతి నొకదానిని ప్రకటించిరి. కొన్ని రౌటర్లలో అట్టి ఏర్పాటు ఎస్‌క్యూఎం అను పేర కానవచ్చును. అది లేనిచో ఫోటోలు పంపు పనిని అర్ధరాత్రికి మార్చుకొనవచ్చును.

అమెరికాలోని కుమారునితో మాట్లాడునప్పుడు జవాబు క్షణమాగి వచ్చుటకు రౌటరును నిందింపరాదు. గాజుతీగలో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోవును. హైదరాబాదు నుండి న్యూయార్కుకు పోయివచ్చుటకు, దారి తిన్నగా నున్నదనుకొన్నను, సెకనులో ఎనిమిదవవంతు పట్టును.

తీగపై చేసిన పరీక్షయే తక్కువగా వచ్చినచో అప్పుడు ఫిర్యాదు న్యాయమైనది. తేదీ, గంట, అంకె వ్రాసిన కాగితము చేతిలో నుంచుకొని మాట్లాడవలెను. దానికి ముందు ఫైబరు తీగ వచ్చు దారిని ఒకసారి చూడుడు. బీరువా వెనుక నలిగి, మేకు చుట్టు ఇరుకు మడతగా తిరిగియున్నచో వెలుగు ఆ మడత వద్దనే కారిపోవును. ఎల్ఓఎస్ అను దీపము ఎర్రగా వెలిగిన వెలుగు చేరుటయే లేదని తెలియవలెను. మనిషి వచ్చినప్పుడు తీగను మీటరుకు తగిలించి అంకె చూపుమనుడు. అది -20 ప్రాంతమున నున్న బాగుగనే యున్నది. -27ను దాటి -28, -29 చూపినచో తీగను గాని అతుకును గాని మార్చియే పోవలెనని నిలిచి అడుగవచ్చును.