అటక మీది వాక్యూమ్ క్లీనరు: దించవచ్చునా?



ఆడి మాసంలో వీచే గాలికి సన్నెకల్లు కూడా ఎగిరిపోతుందని తమిళంలో ఒక సామెత ఉంది. సిరుమలై కొండల దిగువన ఉన్న మన వాడిపట్టిలో ఆ సామెతకు వ్యాఖ్యానం అక్కరలేదు. పడమటి కనుమలు నైరుతి వానను అడ్డుకుంటాయి. మనకు దక్కేది పొడిగాలి, ఆ గాలి మోసుకొచ్చే ఎర్రమట్టి. దానికి తోడు మదురై – దిండుగల్ రహదారి మీద లారీలు లేపే దుమ్ము. ఉదయం చిమ్మిన ఇల్లు మధ్యాహ్నానికి మళ్ళీ కాలికి గరగరలాడుతుంది. ఎడారి మనకు దూరమే కాని, ఆ మాసంలో ఎడారి ఇంటి కష్టం మాత్రం మనకు తెలిసినదే.

ఈ దుమ్ముకు మందుగా చాలా ఇళ్ళలో ఒక యంత్రం ఉంది. అయితే అది ఉన్నది అటక మీద. మన దేశంలో 1982లో యురేకా ఫోర్బ్స్ సంస్థ ఏర్పడ్డాక, విక్రయ ప్రతినిధులు ఇంటింటికీ వచ్చి, పరుపు మీద పెట్టి చూపించి, వాక్యూమ్ క్లీనర్లు అమ్మిన కాలం చాలామందికి జ్ఞాపకం ఉంటుంది. అలా కొన్నవి కొన్ని. దుబాయి నుంచో, కువైట్ నుంచో, అమెరికా నుంచో బంధువులు తెచ్చినవి కొన్ని. పాత సామాన్ల దుకాణాల్లో చవకగా దొరికేవి మరికొన్ని. వీటిని దించి రోజూ వాడుకోవచ్చునా? వాడుకుంటే దేన్ని ఎంచుకోవాలి? ఈ పూట మన ముచ్చట అదే.

ముందుగా ఒక చిన్న చరిత్ర. 1901లో ఇంగ్లండులో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు, దుమ్మును ఊదే యంత్రాన్ని చూసి, ఊదడం కాదు, పీల్చాలి అనుకున్నాడు. నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని కుర్చీ మెత్త మీద గాలి పీల్చి చూశాడట. రుమాలుకు దుమ్ము అంటుకుంది. అదే సూత్రం మీద ఆయన యంత్రం తయారైంది. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ పట్టణంలో జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ అనే ఉద్యోగి ఒక దుకాణాన్ని ఊడ్చి శుభ్రం చేసేవాడు. ఆయనకు ఉబ్బసం. చీపురు లేపే దుమ్ము భరించలేక ఒక ఫ్యాను, ఒక పెట్టె, ఒక చీపురు కర్ర, ఒక దిండు గలీబు కలిపి యంత్రం చేసుకున్నాడు. 1908లో దానికి పేటెంటు వచ్చింది. ఆ హక్కులు హూవర్ కుటుంబం చేతికి వెళ్ళాయి.

ఈ కథలో మనం గమనించవలసింది ఆ దిండు గలీబు. దుమ్ము పీల్చడం సగం పని. పీల్చిన దుమ్మును పట్టి ఉంచడం మిగతా సగం. పాత యంత్రాన్ని ఎంచుకునేటప్పుడు అందరూ దాని ముక్కు చూస్తారు, ఎంత గట్టిగా లాగుతోందని. నేను చెప్పేదేమిటంటే, దాని వెనుక చూడండి. గాలి బయటికి పోయే చోట ఏం వస్తోందో చూడండి.

ఎందుకంటే మన దుమ్ములో రెండు రకాలున్నాయి. కాలికి గుచ్చుకునే ఇసుక ఒకటి. అది ఊపిరితిత్తుల దాకా పోదు. రెండోది కంటికి కనబడని సన్నని ధూళి. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటే, ఈ ధూళి 10 మైక్రాన్లకు లోపు. గంటల తరబడి గాలిలో తేలుతుంది. పిల్లలకు దగ్గు, పెద్దలకు ఆయాసం తెచ్చేది ఇదే. పాత గుడ్డసంచి యంత్రం ఇసుకను చక్కగా పట్టుకుంటుంది. సన్నని ధూళిని మాత్రం సంచి నేతలోంచి వెనక్కు వదిలేస్తుంది. నేల మీద కదలక పడి ఉన్న ధూళిని లేపి మనిషి ముక్కు ఎత్తుకు చేర్చినట్టవుతుంది. ఇల్లు మెరుస్తుంది, ఇంట్లోని ఉబ్బసం రోగి మాత్రం ఆ రాత్రి నిద్రపోడు.

దీన్ని కనిపెట్టడానికి బూత్ దొర రుమాలే చాలు. ఒక నల్లగుడ్డ తడిపి, గట్టిగా పిండి, గాలి బయటికి పోయే రంధ్రానికి నాలుగు వేళ్ళ దూరంలో పట్టుకోండి. మరొకరు నేల మీద రెండు నిమిషాలు యంత్రం నడపాలి. గుడ్డ మీద తెల్లని పొర కనబడితే సంచి, వడపోత గుడ్డ మార్చి మళ్ళీ చూడాలి. చీకటి గదిలో టార్చిలైటు వేసి చూసినా సరే, వెలుగు బారులో ధూళి ఆడుతుంటే తెలిసిపోతుంది. ఈ రోజుల్లో హెపా అనే వడపోత వస్తోంది. అది 0.3 మైక్రాను కణాలను కూడా నూటికి 99.97 వంతులు ఆపుతుంది. అయితే మూత రబ్బరు ఎండి పగిలిన పాత పెట్టెలో హెపా పెట్టి లాభం లేదు. గాలి వడపోతలోంచి కాక ఆ సందులోంచి దారి చూసుకుంటుంది. ముందు రబ్బరు మార్చండి, తరువాత వడపోత.

ఇక ఆకారం. నిలువుగా తోసే రకాలు తివాచీల కోసం పుట్టాయి. వాటి అడుగున తిరిగే బ్రష్షు ఉంటుంది. మన మొజాయిక్, టైల్సు, సిమెంటు నేలల మీద ఆ బ్రష్షు ఇసుకను లాగడానికి బదులు నాలుగు మూలలకూ చిమ్ముతుంది. 1921లో ఎలక్ట్రోలక్స్ తెచ్చిన మాడల్ ఫైవ్ తరహాలో, నేల మీద కూర్చునే పెట్టె, దానికి పొడుగాటి గొట్టం ఉన్న రకమే మనకు అనువు. గొట్టం చివర మెత్తని కుచ్చు ఉన్న వెడల్పు మూతి ఉండాలి. కిటికీ చువ్వలు, ఫ్యాను రెక్కలు, పుస్తకాల బీరువా – వీటికి చిన్న మూతులు కూడా ఉన్నాయో లేదో అడగండి.

వాట్లు ఎక్కువైతే యంత్రం గొప్పదని అనుకోవద్దు. వాట్లు చెప్పేది అది తినే కరెంటు. ఐరోపా దేశాల్లో 2014లో 1600 వాట్లు, 2017లో 900 వాట్లు మించకూడదని నిబంధన పెట్టారు. అంత తక్కువ కరెంటుతోనూ ఇళ్ళు ఊడవగలుగుతున్నారు. పీల్చే శక్తిని చేత్తోనే చూడవచ్చు. నడుస్తున్న యంత్రం గొట్టాన్ని క్షణకాలం అరచేత్తో మూయండి. మోటారు శబ్దం సన్నగా పైకి పోవాలి. గాలి ఆడక మోటారు మీద బరువు తగ్గి వేగం పెరుగుతుంది. శబ్దం మారకపోతే గొట్టంలోనో మూతలోనో చిల్లి ఉంది. ఎక్కువసేపు మాత్రం మూయకండి. చాలా యంత్రాల్లో ఆ గాలే మోటారును చల్లబరుస్తుంది.

మోటారు సంగతి వస్తే మనం అదృష్టవంతులం. 1937లో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు గార్లు విద్యుత్ మోటారు తయారుచేసిన కోయంబత్తూరు మనకు పొరుగే. వైండింగు చుట్టే పనితనం ఈ ప్రాంతంలో చిన్న ఊళ్ళలోనూ ఉంది. పాత యంత్రంలో తరచు అరిగేవి కార్బన్ బ్రష్షులు. లోపల నీలిరంగు నిప్పురవ్వలు ఎక్కువగా కనబడితే ముందు వాటిని చూడమనండి. బ్రష్షులు మార్చుకోవచ్చు. బేరింగులు మార్చుకోవచ్చు. ఆ మాడలుకు సరిపోయే సంచి, గొట్టం దొరక్కపోతే మాత్రం ఎంత మంచి మోటారు ఉన్నా ఆ యంత్రాన్ని వదిలేయండి.

కరెంటు విషయంలో మొహమాటం పనికిరాదు. అమెరికా యంత్రం 120 వోల్టులది. మన 230 వోల్టులకు తగిలిస్తే కాలిపోతుంది. తగిన ట్రాన్స్‌ఫార్మరు కొనే ఖర్చు చూస్తే అది ఉచితంగా వచ్చినా ఖరీదైనదే. గల్ఫ్ దేశాల నుంచి తెచ్చినదైనా దాని మీద ముద్రించిన వోల్టులు చదివాకే ప్లగ్గు పెట్టండి. ఇనుప ఒంటి పాత యంత్రానికి మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్త్ ఉండాలి. వైరు రబ్బరు పగిలి ఉంటే మొత్తం మార్పించండి. ఎలక్ట్రీషియన్ దగ్గర మెగ్గర్ ఉంటే ఒంటికీ వైరుకూ మధ్య ఇన్సులేషన్ కొలిపించండి. ఒక మెగోముకు తక్కువైతే ఇంట్లోకి తేవద్దు.

వాడకంలో మన ఇళ్ళకు ప్రత్యేకమైన జాగ్రత్తలు కొన్ని. ముగ్గుపిండి, విభూతి, సుద్దపొడి – ఇవి వడపోతను నిమిషాల్లో మూసేస్తాయి. వాటిని తడిగుడ్డతో తీయండి. పొయ్యి బూడిద, అగరువత్తి నుసి చల్లారాయనుకున్నా యంత్రానికి చూపించకండి. సంచిలో నిప్పు రాజుకోగలదు. తడి పీల్చే రకం కాకపోతే నీటిచుక్క దగ్గరికి కూడా పోనివ్వకండి. సంచి మూడింట రెండు వంతులు నిండగానే ఖాళీ చేయండి. ఆ పని పెరట్లో, గాలికి వీపు పెట్టి, ముక్కుకు గుడ్డ కట్టుకుని చేయాలి. ఉబ్బసం ఉన్నవారి చేత చేయించకూడదు.

పరక ఉండగా ఇదంతా ఎందుకమ్మా అని అవ్వలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పరక లేపే దుమ్ము ముందుగా పోయేది ఊడ్చే మనిషి ముక్కులోకి. ఆ మనిషి ఎవరో ప్రతి ఇంట్లోనూ తెలుసు. ఆమె ఊపిరి కోసమే ఈ యంత్రం. అందుచేత నల్లగుడ్డ పరీక్షలో నెగ్గిన పాత యంత్రం ఉంటే దించండి. ఓడిపోయినదాన్ని వాకిట్లో, కారులో ఇసుక తీయడానికి ఉంచుకోండి, పడకగదికి తేవద్దు. దానికంటే తడిగుడ్డ మేలు. బాగుచేయించే ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే ఇంక ఆలోచించవద్దు. ఏ యంత్రమైనా వైద్యుడిచ్చిన మందుకు బదులు కాదని కూడా గుర్తుంచుకోండి.

ఆడిగాలి మొదలు కాకముందే ఒక ఆదివారం నిచ్చెన వేయండి. ఒక నల్లగుడ్డ సిద్ధంగా పెట్టుకోండి.