ఇత్తడిలో హేవ్‌లాక్ వంతెన

బెంజ్ సర్కిల్ దగ్గర మా ఇంట్లో, భోజనాల బల్ల మీద హేవ్‌లాక్ వంతెన స్పాన్ ఒకటి ఇత్తడితో కడుతున్నాను. రాజమండ్రి దగ్గర గోదావరి మీద 1900లో తెరిచిన ఆ వంతెనకు 56 స్పాన్లు, ఒక్కొక్కటి 150 అడుగులు. 87వ వంతున చేస్తే సుమారు 21 అంగుళాలు. విదేశీ వంతెనలకు ఇత్తడి కిట్లు అమ్ముతారు. మనదానికి నాకు దొరకలేదు. రేకు కొని కత్తిరించుకున్నాను.

ఒక అతుకుకు టంకం పెడుతుంటే పక్క అతుకు ఊడుతుంది. దానికి తడిగుడ్డ చుట్టాలి. ఈమధ్య చెయ్యి వణుకుతోంది గనుక టంకం మనవరాలు పెడుతోంది, నేను పట్టుకారు పట్టుకుంటున్నాను. బల్ల ఎప్పుడు ఖాళీ చేస్తారని మా ఆవిడ అడగడం మానేసింది లెండి.

1997లో రైళ్లు ఆగేదాకా తనిఖీకి ఆ వంతెన మీద ఎన్నిసార్లు నడిచానో! అయినా పట్టాల మధ్య మేము నడిచిన పలకలు చెక్కవో, ఇనుపవో ఇప్పుడు గుర్తు రావడం లేదు. అక్కడ పనిచేసినవారుంటే టీ దగ్గర నాకు చెప్పండి.